నొప్పి ఉన్న చోట వేలు

నా నోరు ఊరుకోదు. ఈ మాట మా ఆవిడది, నేను ఒప్పుకున్నది. బస్సు ఆలస్యమైతే డ్రైవరుకు చెబుతాను. టీ చల్లారితే ఇచ్చిన మనిషికి చెబుతాను. గోడౌన్‌లో మా సూపర్వైజరు సంతకం పెట్టాల్సిన చోట పెట్టకపోతే అతనికీ చెబుతాను, అతని పైవాడికీ చెబుతాను. ఈ దేశం వచ్చాక ఇక్కడి భాషలో నాకు మొదట పట్టుబడినవి ఫిర్యాదు మాటలే. అలాంటి నేను కొత్త కాలు పెట్టించుకుని వారాలు గడిచినా ఒక్క మాట అనకపోతే ఇంట్లో మనిషికి అనుమానం రావాలి. మా ఆవిడకు రాలేదు. ఆసుపత్రి నన్ను మార్చేసిందని సంతోషపడింది.

కాలు ఎలా పోయిందో ముందే చెప్పేస్తాను, లేకపోతే మీ ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. గోడౌన్‌లో సరుకులెత్తే బండి వెనక్కి వచ్చింది, నేను తప్పుకోలేకపోయాను. మోకాలి కింద జానెడు మిగిల్చి తక్కినది తీసేశారు. కంపెనీ నన్ను కుర్చీలో కూర్చుని లేబుళ్లు సరిచూసే పనికి మార్చింది. ఏడవాల్సిన రోజులు ఏడ్చాను, అవి అయిపోయాయి. నేను చెప్పబోయేది పోయిన కాలు గురించి కాదు, వచ్చిన కాలు గురించి.

కాళ్లు చేసే వర్క్‌షాపు ఆసుపత్రి వెనక వీధిలో టైర్ల దుకాణం పక్కన ఉంటుంది. తలుపు తీయగానే ప్లాస్టరు వాసన. ఒక మూల ప్లాస్టరు పిండి బస్తాలు, వాటి పక్కన తెల్లగా గడ్డకట్టిన సింకు. గోడ పొడవునా అరల్లో పాదాలు, ఎడమవి పై అరలో, కుడివి కింది అరలో. గది మధ్యలో పట్టుకుని నడవడానికి రెండు పొడవాటి కమ్మీలు, వాటి చివర నిలువుటద్దం. అరగదీసే యంత్రం తిరిగినప్పుడల్లా సన్నటి పొడి లేచి అందరి కనుబొమల మీదా వాలుతుంది. అక్కడ ఎవరికైనా వయసు చెప్పడం కష్టం.

వర్క్‌షాపును నడిపేది ఒక పొడుగాటి ఆవిడ. అందరూ చీఫ్ అంటారు. ఆవిడది ఒకటే పట్టుదల. మోకాలి కింద మిగిలిన భాగం దిగడానికి గట్టి తొడుగు ఒకటి చేస్తారు, కాలంతా దాని మీదే ఆధారం. అది ఎక్కడైనా ఒత్తితే, ఒత్తిన చోట రోగి తన వేలు తనే పెట్టి చూపించాలి. చూపించిన చోట చీఫ్ లిప్‌స్టిక్ రాస్తుంది. నిజంగా లిప్‌స్టిక్కే, ఎర్రటిది, స్క్రూడ్రైవర్ల సొరుగులో ఉంటుంది. మళ్లీ కాలు తొడిగి నాలుగడుగులు వేయిస్తే ఆ ఎరుపు తొడుగు లోపల అంటుకుంటుంది. అంటుకున్న చోటు అరగదీస్తారు. వేలు లేనిదే లిప్‌స్టిక్ లేదు, లిప్‌స్టిక్ లేనిదే అరగదీయడం లేదు. "నాకు తోచిన చోట అరగదీస్తే నొప్పి ఇంకో చోటికి పోతుంది. నొప్పి ఎక్కడుందో నాకు తెలీదు, మీకే తెలుసు" అని ప్రతి రోగికీ చెబుతుంది.

ఒకసారి ఆ లిప్‌స్టిక్ నా చొక్కా అంచుకు అంటింది. ఇంట్లో ఆ కథ చెప్పి నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కడికి ఇంటర్న్‌షిప్ చేయడానికి మన దేశం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మన మనిషని మొదట నాకు తెలీదు. ముఖం నిండా ప్లాస్టరు పొడి, ఎవరో ఎలా తెలుస్తుంది. నా కాలి చుట్టూ టేపు తిప్పుతూ తనలో తను తెలుగులో "ఇరవై ఎనిమిదిన్నర" అనుకుంది.

"సరిగ్గా చూడమ్మా, ఇరవై తొమ్మిదేమో" అన్నాను.

టేపు కింద పడేసింది. తీసుకుని లేచేలోపే నేను బాబాయినైపోయాను.

ఆ పిల్లకు ఒక అలవాటుంది. ఏం చెప్పినా "తెలుసు" అంటుంది. బస్సు ఎక్కడ ఎక్కాలో చెబితే తెలుసు, అన్నం ఎసరు ఎంత పెట్టాలో మా ఆవిడ చెబితే తెలుసు పిన్నీ. తర్వాత ఎసరు లెక్క తప్పి గంజి చేసుకుని తాగుతుంది, కానీ తెలుసు. అందుకని నేను తెలుసమ్మ అని పేరు పెట్టాను, మా ఆవిడ ఖాయం చేసింది. మాకు పిల్లలు లేరు. ఆదివారం ఆదివారం భోజనానికి వచ్చేది, వచ్చినప్పుడు ఇల్లు ఇల్లులా ఉండేది.

వాళ్ల కాలేజీ పట్టా ఇవ్వాలంటే ఒక షరతు ఉంది. ఒక మనిషికి మొదటి కొలత నుంచి చివరి అడుగు దాకా ఎవరి చెయ్యీ పడకుండా తనే కాలు చేయాలి. అది బాగుందని చీఫ్ ఒప్పుకోవాలి. ఆ మనిషిగా చీఫ్ నన్ను ఇచ్చింది.

అచ్చు తీసిన రోజు నాకు బాగా గుర్తు. నన్ను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద పొట్టి స్టూలు మీద కూర్చుని, నా మొండికాలు ఒళ్లో పెట్టుకుని తడి ప్లాస్టరు పట్టీలు చుట్టడం మొదలుపెట్టింది. కూతురి వయసు పిల్ల. కాలు పొరపాటున తగిలితేనే వేళ్లు కళ్లకద్దుకునే వాళ్లం, ఏకంగా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో ఒత్తుతుంటే నాకు ఒళ్లంతా ముడుచుకుపోయింది. పాదాల అరల కేసి చూస్తూ, ఎడమవెన్నో కుడివెన్నో లెక్కపెడుతూ, ప్లాస్టరు గట్టిపడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

"వదులుగా పెట్టండి బాబాయ్."

"వదులుగానే ఉందమ్మా."

కాలు తయారైంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, రంగు కూడా నా రంగుకు దగ్గరగా కలిపింది. తొడుక్కుని లేచి నిలబడగానే రెండు చోట్ల పట్టింది. మోకాలి బయటి పక్క ఎముక బొడిపె దగ్గర ఒకటి, ముందు ఎముక కొసన ఒకటి. కమ్మీలు పట్టుకుని అద్దం దాకా వెళ్లి వచ్చేసరికి కళ్లు బైర్లు కమ్మాయి.

"ఎక్కడైనా నొప్పి ఉందా?" అని చీఫ్ అడిగింది.

తెలుసమ్మ పక్కనే పెన్సిలు పట్టుకుని నిలబడి ఉంది. పెన్సిలు వణుకుతోంది. మన పిల్ల, పరాయి దేశం, పరీక్ష. నా నోటితో నేనే ఆ పిల్ల పనికి వంక పెట్టనా. జన్మలో మొదటిసారి నా నోరు ఊరుకుంది.

"ఎక్కడా లేదు. వెన్నలా ఉంది" అన్నాను.

"వేలు పెట్టాల్సిన చోటే లేదా?"

"లేదు."

చీఫ్ నన్ను మళ్లీ నడిపించింది. కళ్లజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి నడిపించింది. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఇదే వరస. నేను వెన్న అంటాను, ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటుంది. బయటికొచ్చి బస్టాపు బల్ల మీద కూలబడి, కాలు విప్పి పక్కన పెట్టుకుని, బస్సు వచ్చేదాకా పళ్లు కొరుక్కునేవాణ్ణి. బాధగానే ఉండేది, కానీ ఒక మంచి పని చేస్తున్నానని గర్వంగా కూడా ఉండేది.

ఒక ఆదివారం తెలుసమ్మ వచ్చి కంచం ముందు కూర్చుంది కానీ అన్నం కెలుకుతోంది తప్ప తినడం లేదు. మా ఆవిడ గట్టిగా అడిగితే బయటపెట్టింది.

"పర్మిట్ ఈ నెలాఖరుకు అయిపోతుంది పిన్నీ. పొడిగించమని ఆఫీసుకు వెళ్లాను. ఇవ్వరట."

పర్మిట్ అంటే ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి. ఇంటర్న్‌షిప్ ఎంతకాలమో అంతకాలానికే ఇస్తారు. ఈ పిల్లకు మొదట ఇచ్చిన రోగి జబ్బుపడి మానేశాడు, నేను ఆలస్యంగా దొరికాను, గడువు దగ్గరపడిపోయింది.

"ఎందుకివ్వరు?" అంది మా ఆవిడ.

"కౌంటర్లో ఆయన 'ఇంకా నేర్చుకోవాల్సింది ఏం మిగిలింది' అని అడిగాడు. ఏం మిగల్లేదు, అన్నీ తెలుసు అన్నాను."

"అలా ఎందుకన్నావే?"

"అంత పెద్ద ఆఫీసులో కూర్చోబెట్టి అడిగితే రాదు, తెలీదు అని ఎలా చెప్తాను పిన్నీ? చిన్నప్పటి నుంచి ఎవరి ముందూ ఆ మాట అనలేదు."

"ఆయనేమన్నాడు?"

"అన్నీ తెలిస్తే ఇక్కడెందుకు, ఇంటికెళ్లి పని చేసుకోమన్నాడు. పని మిగిలిందని వర్క్‌షాపు రాసిస్తే అప్పుడు చూస్తానన్నాడు."

"మీ చీఫ్‌ని రాసిమ్మనకపోయావా?" అని నేను అందుకున్నాను.

"అడిగాను బాబాయ్. మీరు నొప్పి లేదంటున్నారు కాబట్టి పని మిగిలిందని రాయలేనంది."

"అయితే కాలు బాగుందని రాసిమ్మను. పట్టా వచ్చేస్తుంది, వెళ్లిపోవచ్చు."

"అదీ అడిగాను. మీ నడక తనకు నచ్చలేదట. అలా నడిచే మనిషి కాలు బాగుందని చచ్చినా రాయనంది." కంచం కేసి చూస్తూ చెప్పింది. "పొడిగింపూ లేదు, పట్టా లేదు. కాలేజీ మళ్లీ పంపదు, ఒక్కసారే అవకాశం. అంతే ఇక."

నాకు ఒళ్లు మండిపోయింది. "నా కాలు, నా నడక. వంకరగా నడుస్తానో గెంతుతానో నా ఇష్టం, మధ్యలో ఆవిడకేం? రేపే వెళ్లి కడిగేస్తాను" అని లేవబోయాను. లేవలేకపోయాను. కాలు నా దగ్గర లేదు. అన్నానికి కూర్చునే ముందు విప్పి తలుపు వెనక నిలబెట్టాను.

మా ఆవిడ ముందు తలుపు వెనక చూసింది, తర్వాత నన్ను చూసింది. డ్రైక్లీనింగ్ దుకాణంలో బట్టలు సరిచేసే పని ఆవిడది. దేన్ని ఎందుకు విప్పేశారో ఆవిడకు వేరే చెప్పక్కర్లేదు. వచ్చి నా పంచె పైకి జరిపి, మొండికాలి మేజోడు ఊడదీసింది. బొడిపె దగ్గర చర్మం కమిలి నల్లబడింది. ముందు ఎముక కొసన పుండు పడటానికి సిద్ధంగా ఎర్రగా ఉంది.

"ఉప్పు ఒక పలుకు తక్కువైతే పక్కింటికి వినబడేట్టు అరుస్తారు. ఇది చెప్పడానికి నోరు పడిపోయిందా?"

తెలుసమ్మ కుర్చీ దిగి వచ్చి నేల మీద కూర్చుని ఆ రెండు మచ్చలూ చూసింది.

"మొదటి రోజు నుంచీ ఉందా బాబాయ్?"

"కొంచెం."

"నాకు తెలుసు" అంది. ఈసారి ఆ మాట ఎప్పుడూ అనేలా అనలేదు. "బస్టాపులో మీరు కాలు విప్పడం కిటికీలోంచి చూశాను."

"చూసి మరి అడగలేదేం?" అంది మా ఆవిడ.

"పెద్దాయన బాగుందన్నాక కాదని నేనెలా అంటాను పిన్నీ?"

మా ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ ఇద్దరే. ఒకళ్ల మర్యాద ఒకళ్లు కాపాడుకుంటూ నిండా మునగండి" అని వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా పెట్టింది.

మర్నాడు గోడౌన్‌కు సెలవు చెప్పి వర్క్‌షాపుకు వెళ్లాను. పెళ్లిచూపులకు కూడా అంత భయపడలేదు. చీఫ్ ఎప్పటిలాగే అడిగింది. నేను కమ్మీ వదిలి, వంగి, బొడిపె మీద వేలు పెట్టాను. తర్వాత ముందు ఎముక కొస మీద పెట్టాను.

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

"ఇన్నాళ్లూ వెన్న అన్నారు."

"ఈ అమ్మాయి మా మనిషి. నా వల్ల చెడ్డపేరు రాకూడదనుకున్నాను."

చీఫ్ కళ్లజోడు తుడుచుకోలేదు. తిన్నగా నా మొహంలోకి చూసింది. "ఇంకొన్నాళ్లు ఆగితే మీకు పుండు పడేది. మీ మనిషి ఏమీ నేర్చుకోకుండా ఇంటికి పోయేది. చాలా మంచివారు మీరు" అంది. ఆవిడ మెచ్చుకోలేదని అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

సొరుగు తీసి లిప్‌స్టిక్ తెలుసమ్మ చేతికిచ్చింది. ఆ పిల్ల రెండు చోట్లా రాసింది, కాలు తొడిగింది, నడిపించింది, విప్పింది. తొడుగు లోపల బొట్టు బొట్టుగా అంటాల్సిన ఎరుపు పక్కకంతా పులుముకుని ఉంది. లోపల కాలు జారుతోందన్నమాట.

"ఎందుకిలా అయింది?" అని చీఫ్ అడిగింది.

తెలుసమ్మ నోరు తెరిచింది. ఏ మాట రాబోతోందో నాకు తెలుసు, అలవాటైన పెదాలు కదా. నోరు మూసింది.

"తెలీదు" అంది.

చెప్పాక ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. చీఫ్ మాత్రం చేతులు దులుపుకుని బల్ల దగ్గరికి వెళ్లి, కుర్చీ లాక్కుని, "ఇప్పుడు రాస్తాను" అంది.

పర్మిట్ ఆఫీసుకు నేనూ తోడు వెళ్లాను. అక్కడి కుర్చీలు ఎవరూ ఎక్కువసేపు కూర్చోకూడదని కనిపెట్టి చేయించినట్టున్నాయి. ఆ మాట కాపలా మనిషితో అన్నాను కూడా. తెలుసమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. మా నంబరు వచ్చింది. కౌంటర్లో మనిషి చిన్నవాడే, జలుబు చేసి ఉంది, మాటమాటకీ ముక్కు తుడుచుకుంటున్నాడు. చీఫ్ రాసినది చదివాడు.

"పోయినసారి అన్నీ తెలుసన్నారు."

"తప్పు చెప్పాను" అంది తెలుసమ్మ.

"ఏం తెలీదు?"

"ఈయన కాలు ఎందుకు నొప్పి పెడుతోందో తెలీదు. అది తెలిసి, నొప్పి లేని కాలు చేసేదాకా నా చదువు పూర్తి కాదు."

అతను అద్దం వెనక నుంచి నన్ను చూశాడు. "మీరెవరు?"

"నేనే ఆ కాలు" అన్నాను.

లేచి కౌంటరు మీదుగా కిందికి వంగి చూశాడు. ప్యాంటు ఎత్తి చూపించబోతే వద్దని చెయ్యి ఊపాడు. చాలాసేపు కంప్యూటర్లో ఏదో కొట్టాడు. లేచి లోపలికి వెళ్లాడు. అతను తిరిగి వచ్చేదాకా తెలుసమ్మ నా చొక్కా చెయ్యి వదల్లేదు.

"ఈ పని కోసమే పొడిగిస్తున్నాం. కాలు పూర్తయిన రోజున వర్క్‌షాపు మాకు తెలపాలి. అక్కడితో సరి. ఇంకో పొడిగింపు ఉండదు" అన్నాడు.

అప్పటి ఆనందంలో ఆ చివరి మాటలు నేను పట్టించుకోలేదు.

అనుమతి దొరికింది కానీ నొప్పికి కారణం దొరకలేదు. బొడిపె దగ్గర అరగదీస్తే బొడిపె బాగుపడి మోకాలి వెనక పట్టింది. వెనక సరిచేస్తే మళ్లీ ముందు. చీఫ్ చూస్తూ ఉండేది తప్ప ఒక్క సలహా ఇచ్చేది కాదు. తెలుసమ్మ చిక్కిపోయింది. ఆదివారాలకు తోడు బుధవారాలు కూడా మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మా ఆవిడ పక్కన కూర్చుని బట్టల అంచులు కుడుతూ, ఏదైనా చెబితే "ఎలా పిన్నీ?" అని అడిగేది. అలా అడగడం చూసి మా ఆవిడ మురిసిపోయేది. గుమ్మం దగ్గర మా చెప్పుల పక్కన ఆ పిల్ల చెప్పుల జత ఒకటి ఎప్పుడూ ఉండేది. నాకు ఒంటి చెప్పు చాలు కాబట్టి చోటుకు కరువు లేదు.

ఒక రోజు వర్క్‌షాపులో నా మొండికాలు తడిమి చూస్తూ చటుక్కున చెయ్యి తీసేసింది. కాసేపాగి మళ్లీ ముట్టుకుంది. మళ్లీ తీసేసింది.

"బాబాయ్, నేను ముట్టుకోగానే కాలు రాయిలా అవుతోంది. తీసేస్తే మెత్తబడుతోంది. ఎందుకు?"

నేను పాదాల అరల కేసి చూశాను.

"బాబాయ్."

"ఆడపిల్లవి" అన్నాను. "నా కూతురి లాంటి దానివి. నువ్వు కింద కూర్చుని నా కాలు పట్టుకుంటే నాకేదోలా ఉంటుంది. బిగుసుకుపోతుంది, నేనేం చేసేది."

"అచ్చు తీసిన రోజు కూడా ఇలాగే బిగబట్టారా?"

ఒప్పుకున్నాను.

కోప్పడుతుందనుకున్నాను. ఆ పిల్ల నేల మీద అలాగే కూర్చుని తొడుగును చేతిలో తిప్పి తిప్పి చూసింది. "నేను బిగబట్టిన కాలికి తొడుగు చేశాను. నిలబడ్డప్పుడూ నడిచినప్పుడూ కాలు ఆ ఆకారంలో ఉండదు. అరగదీసి ఏం లాభం" అని తనకు తనే చెప్పుకుంది. తర్వాత నన్ను చూసి, "ఇది కాలు కాదు బాబాయ్, నా పరీక్ష పేపరు. పేపరు పట్టుకుంటే పాపమేం రాదు" అంది.

చీఫ్‌కు విషయమంతా వివరించింది. కాలు పట్టుకుంటే ఎందుకు బిగుసుకుంటారో చీఫ్‌కు రెండుసార్లు చెప్పినా ఎక్కలేదు. మొదలు నుంచి కొత్త అచ్చు తీయాలని మాత్రం ఎక్కింది. తల ఊపి పక్క గదిలోకి వెళ్లిపోయింది.

తెలుసమ్మ మళ్లీ పొట్టి స్టూలు మీద కూర్చుంది. తడి పట్టీ తగలగానే నా కాలు షరా మామూలే. వదిలెయ్యమంటే వదిలేసే వస్తువా అది. ఎంత వద్దనుకుంటే అంత బిగుసుకుంటోంది. ఆ పిల్ల పట్టీ విప్పేసి కాసేపు ఆలోచించింది. తర్వాత బకెట్లో చేతులు ముంచుతూ మామూలుగా అడిగింది.

"మీ గోడౌన్ సూపర్వైజరు సంగతేమైంది బాబాయ్?"

"వాడి సంగతి అడక్కు" అన్నాను.

"మొన్న ఏదో చేశాడన్నారు."

"మొన్న ఏంటి, రోజూ చేస్తాడు. పెట్టె మీద ఇది పైవైపు అని బాణం గుర్తు వేసి ఉంటుంది, ఇంతలేసి బాణం. మన దొరగారు దాన్ని తలకిందులుగా దింపించాడు. ఇదేంటయ్యా అంటే, బాణం కిందికి చూపిస్తోందిగా అంటాడు. తలకిందులు చేస్తే కిందికి చూపించక ఇంకెక్కడికి చూపిస్తుంది? పైగా ఆ తప్పు లేబుళ్లవాడిదట. లేబుళ్లవాడు ఎవరు? నేను. ఊరుకుంటానా? వాడి పైవాడి దగ్గరికి వెళ్లాను. వాడు ఇంకా గొప్పవాడు..."

అలా ఎంతసేపు సాగిందో తెలీదు. పైవాడి నుంచి క్యాంటీన్ వాడి దగ్గరికి, అక్కణ్ణించి బస్సుల దగ్గరికి వచ్చాను.

"అయిపోయింది బాబాయ్."

"ఏం అయిపోయింది? అసలు కథ ఇంకా చెప్పనే లేదు."

"అచ్చు అయిపోయింది."

కిందికి చూస్తే ప్లాస్టరు గట్టిపడిపోయింది. కాలు ఆ పిల్ల ఒళ్లో, నిద్రపోయిన పిల్లాడిలా, మెత్తగా ఉంది.

రెండో కాలు తొడుక్కున్న రోజు సంగతి ఇక చెప్పాలి. లేచి నిలబడ్డాను. ఏదో పట్టుకుంటుందని ఎదురుచూశాను, పట్టుకోలేదు. అద్దం దాకా వెళ్లాను, తిరిగి వచ్చాను. నొప్పి లేదు. బొడిపె దగ్గర లేదు, కొసన లేదు, వెనక లేదు. కాలు ఉందన్న ధ్యాసే లేదు. కమ్మీలు వదిలేసి నడిచాను.

చీఫ్ సొరుగులోంచి లిప్‌స్టిక్ తీసి చేతిలో పట్టుకుంది. తెలుసమ్మ పక్కన పెన్సిలుతో నిలబడింది.

"ఎక్కడైనా నొప్పి ఉందా?"

అప్పుడు గుర్తొచ్చింది ఆ జలుబు మనిషి మాట. కాలు పూర్తయిన రోజున, అక్కడితో సరి. నేను లేదంటే చీఫ్ ఈ రోజే ఆఫీసుకు తెలుపుతుంది. పిల్ల వెళ్లిపోతుంది. ఉంది అంటే ఉండిపోతుంది, కొన్నాళ్లయినా. ఒక్క వేలు చాలు. పెట్టడానికి చోటు కూడా చూసుకున్నాను, మోకాలి లోపలి పక్క, ఎవరికీ అనుమానం రాని చోటు. అబద్ధం చెప్పడం నాకు అక్కడ కొత్త కాదు. చెప్పాలనిపించింది, గట్టిగా అనిపించింది.

తెలుసమ్మ నా మొహం చూడటం లేదు. నా చేతి వేళ్ల కేసి చూస్తోంది. పెన్సిలు వణకడం లేదు. నేను ఎక్కడ వేలు పెడితే అక్కడ తప్పు చేశానని నమ్మి, చేయని తప్పు కోసం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవడానికి సిద్ధంగా ఉంది.

చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఎక్కడా లేదు" అన్నాను.

చీఫ్ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది. మళ్లీ నడవమంది. వరండా చివరి దాకా వెళ్లి రమ్మంది. మెట్లెక్కి దిగమంది, ఇంకోసారి ఎక్కి దిగమంది.

"కాలు బాగుంది అన్నానా లేదా? ఈ మెట్లు కట్టినవాడికి బుద్ధి లేదు, ఒక్కోటి ఒక్కో ఎత్తు. ముందు వీటిని అరగదీయించండి" అని అరిచాను.

చీఫ్ తెలుసమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నిజమేనా?"

"నిజమే" అంది తెలుసమ్మ. "నొప్పి దాచినన్నాళ్లూ ఆయన ఇక్కడ దేన్నీ తిట్టలేదు."

చీఫ్ లిప్‌స్టిక్‌ను సొరుగులో పడేసి మూసింది. తెలుసమ్మ నా దగ్గరికి వచ్చి వంగి, రెండు చేతులతో నా కొత్త కాలి పాదం ముట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ కాలు బిగుసుకోవడానికి వీల్లేదు, ప్లాస్టిక్కుది. తక్కిన మనిషినంతా బిగబట్టుకుని నిలబడ్డాను.

ఇంటికి బస్సు ఎక్కలేదు, నడిచి వెళ్లాను. మా ఆవిడ తలుపు తీసి, నా మొహం చూడకముందే కాలు చూసింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"నిజంగానా?"

"నిజంగానే. ఎక్కడా నొప్పి లేదు."

మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి కిందికి చూసింది. అక్కడ నా ఒంటి చెప్పు, తన జత, ఆ పిల్ల జత ఉన్నాయి.

"అయితే వెళ్లిపోతుందన్నమాట" అంది.